దంపతుల పోటీ

వెల్డాకి కోపం ముక్కుమీదే ఉంటుందని టిమారు ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకుంటుందో మాత్రం ఎవరూ అడగరు. ఉన్నిమిల్లు రొదలో బతుకంతా పనిచేసిన మనిషి, గొంతూ దానికి తగ్గట్టే ఉంటుంది. ఆమెతో కాపురం చేస్తున్నావిడ రేవిన్, బడిపిల్లల పళ్ళు చూసే నర్సు, మెత్తటి మనిషి.

బౌలింగ్ క్లబ్బు పచ్చికమీద రేవిన్ బంతి దొర్లిస్తే అందరూ మాటలాపేవాళ్ళు. అడ్డమొచ్చిన బంతుల్ని చుట్టుకుని వంపు తిరిగి, గురిగా పెట్టిన చిన్న తెల్లబంతిని ఆనుకుని ఆగేది. ఆడవాళ్ళ పోటీలో ఈ జంటకు తిరుగులేదు. కానీ వెల్డా ఆశంతా ఈస్టర్‌కి జరిగే దంపతుల పోటీమీదే. గెలిచిన మొగుడూ పెళ్ళాల పేర్లు టీగది గోడమీది పలకపై బంగారు రంగుతో పక్కపక్కనే రాస్తారు. అక్కడ తమ పేర్లు చూసుకోవాలి.

2005లో ఇద్దరు ఆడవాళ్ళ కాపురాన్నీ, పెళ్ళి అనకుండా, గుర్తించే సివిల్ యూనియన్ చట్టం వచ్చింది. ఇద్దరూ సంతకాలు పెట్టి, అట్నుంచటే దంపతుల పోటీకి పేర్లివ్వడానికి క్లబ్బుకెళ్ళారు.

“మీకిచ్చింది సివిల్ యూనియన్ తల్లీ, పెళ్ళి కాదు,” అన్నాడు ప్రెసిడెంట్ మర్రీ. “గవర్నమెంటే పెళ్ళనలేదు, నన్ననమంటావా?”

“రెండు పెళ్ళిళ్ళు పెటాకులు చేసుకుని మూడో ఆవిడతో ఆడుతున్నావు. మేం వయసులో ఉన్నప్పట్నుంచీ ఒక్క గూట్లో ఉన్నాం. ఎవరయ్యా దంపతులు?” అంది వెల్డా.

రేవిన్ ఆమెను బయటికి లాక్కొచ్చింది. “ఇది మొదటి మెట్టు, వెల్. రెండోది రాకపోదు.”

“మెట్టు ఎక్కడానికే. దానిమీద కాపురం పెట్టమంటే ఎలా?”

ఎనిమిదేళ్ళు వాళ్ళని ఆ మెట్టుమీదే నిలబెట్టారు. ఏటా ఈస్టర్‌కి వీళ్ళిద్దరే సాండ్‌విచ్‌లు కోసి, ఆడుతున్న దంపతులకి టీలు పోశారు. గొడవెందుకని రేవిన్ బతిమాలేది, వెల్డా పళ్ళు నూరుతూ పోసేది. ఒక ఏడు రేవిన్ చేతిలో కప్పూ సాసరూ గలగలలాడాయి. తర్వాత ఆ వణుకు తగ్గలేదు.

2013లో ఆడవాళ్ళిద్దరైనా పెళ్ళాడొచ్చని చట్టం వచ్చింది. పెళ్ళి చేసుకున్నారు. మర్రీ నవ్వుకుంటూ ఇంటికొచ్చి, వచ్చే ఈస్టర్ పోటీకి పేర్లు రాసుకుపోయాడు.

పోటీలో రేవిన్ మొదటి బంతి చేతిలోంచి జారి కాళ్ళ దగ్గరే పడింది. రెండోది పచ్చిక అంచునున్న కాలవలోకి పోయింది. జనం జాలిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి వెల్డా ఒళ్ళు మండిపోయింది. మొదటి ఆటలోనే చిత్తుగా ఓడారు.

“పోనీలే వెల్డా, కోరుకున్నది దొరికిందిగా!” అన్నాడు మర్రీ.

“దొరికింది పేరు. మేం అడిగిననాడు ఈమె చెయ్యి బంగారం. అది ఎవరు తెచ్చిస్తారు? నువ్వా, నీ రూలా?”

టీగదిలో అందరూ అలవాటుగా కప్పులు ముందు పెట్టుకుని వెల్డా వైపు చూశారు. ఆమె రేవిన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

“దంపతులం. మాకు పోయండి.”

చివరికి మర్రీయే లేచి కెటిల్ అందుకున్నాడు.

“ఆమెకి సగమే పొయ్యి,” అంది వెల్డా. “నిండుగా పోస్తే ఒలికిపోతుంది.”