గాజులు తీసిన చేతులు

మొన్న మా చెల్లెలి మనవరాలు నెలలు నిండకుండానే పుట్టిందని తెలిసి చూడబోతే, పసిపిల్లల వార్డు గుమ్మంలో ఓ చిన్న నర్సు నన్ను ఆపి, గాజులూ ఉంగరమూ తీసి మోచేతుల దాకా కడుక్కోమని మర్యాదగా చెప్పింది. ఒకప్పుడు నేనూ అలాంటి గుమ్మంలోనే నిలబడి ఆ మాటే చెప్పేదాన్నని ఆ పిల్లకేం తెలుసు! కుళాయి తిప్పగానే ధారగా పడిన నీళ్ళను చూస్తూ ఉండిపోయాను.

తొంభైల్లో, మేమింకా చెన్నైని మద్రాసనే పిలుచుకుంటున్న రోజుల్లో, తొండియార్‌పేట నుంచి బస్సెక్కి డ్యూటీకి వెళ్ళేదాన్ని. పెళ్ళయిన కొత్త. గాజు కింద సబ్బు చేరదని, అక్కడ దాగిన మురికే అరచేతిలో పట్టేంత బిడ్డకు మృత్యువని, తియ్యనిదే మా వార్డు పెద్ద సిస్టరు ఊరుకునేది కాదు. అందుకని అత్తగారు ముచ్చటపడి తొడిగిన గాజులను వార్డు బయటే తీసి రుమాల్లో కట్టుకుని, బోసి చేతులు చూస్తే ఆవిడ నొచ్చుకుంటుందని మా వీధి మలుపులో మళ్ళీ తొడుక్కునేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వీధుల్లో ప్లాస్టిక్ బిందెల బారులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆసుపత్రికీ లారీ నీళ్ళే గతి. ఒక బిడ్డను ముట్టుకున్నాక మరో బిడ్డను తాకేముందు కడుక్కోవాలన్నది నియమం. మేమేమో బకెట్టులో నీళ్ళు చెంబుతో ఒకరి చేతుల మీద ఒకరం పొదుపుగా పోసుకునేవాళ్ళం. వాళ్ళ చేతులకూ పోసేన్ని నీళ్ళు లేక, తల్లులను లోపలికి రానివ్వడం మానేశాం.

అలా వార్డు అద్దం అవతలే నిలబడిపోయిన వాళ్ళలో మా పేటామె ఒకతె ఉండేది, హార్బరులో మూటలు మోసే కూలీ భార్య. ఆమె కొడుక్కి జబ్బు సోకింది. ఓ మధ్యాహ్నం వాడి ఒళ్ళు చల్లబడసాగింది. డాక్టరుగారు చేయగలిగిందంతా చేసి, తల్లిని పిలవమన్నారు. చివరిచూపే అయినా, మిగతా పసికందులున్న గదిలోకి కడగని చేతులతో ఎలా రానిస్తాం?

"గాజులు తీసేస్తా ఉండా అక్కా" అంటూ ఆమె గబగబా లాగింది. రానివాటిని గోడకేసి కొట్టింది.

"అయ్యో, మొగుడుండేదానివి, ఏం పని ఇది!" అంటూ వెంట ఉన్న వాళ్ళత్త నోరు నొక్కుకుంది.

ఆమె వినిపించుకోలేదు. గీరుకున్న చేతులు నా ముందుకు చాపి, "నీళ్ళు పొయ్యక్కా" అంది.

బకెట్టు అడుగంటింది. కిందికి పరుగెత్తితే లారీ రాలేదు, తొట్టిలో బురద తప్ప ఏమీ లేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి, పెద్ద సిస్టరు తన సీసాలోని తాగే నీళ్ళు పోస్తూ, ఆమె చేతులకు తానే సబ్బు రుద్దుతోంది.

లోపలికి వెళ్ళి తల్లి వేలు అందిస్తే బిడ్డ గుప్పిట బిగించాడు. కాసేపటికి ఆ పట్టు సడలింది.

"నిద్రపోయినాడా అక్కా?" అని నన్నే అడిగింది.

ఇప్పుడు నెలలు నిండని బిడ్డను తల్లి గుండెల మీదే పడుకోబెడుతున్నారు. ఆ వెచ్చదనాన్ని మించిన మందు లేదంటున్నారు. మా చెల్లెలి కూతురు పాపను అలా పొదువుకుని కళ్ళు మూసుకుంది. ఆనాడు మాకు తెలిసింది అద్దానికి అవతల నిలబెట్టడమే. తన బిడ్డ బరువెంతో తెలియకుండానే ఎంతమంది తల్లులు ఇంటికి వెళ్ళిపోయారో!