కాజ్ కాదన్న కుర్రాడు

కాజ్ డొంబ్రోస్కీ ఒక మాట అన్నాడంటే అది జరగదు. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. వాన రాదని ఆయన చెప్పిన రోజునే చర్చి విందు మొత్తం తడిసి ముద్దయింది. స్నేహితుడు జీన్ పెళ్లి శీతాకాలం దాటదని పెళ్లి భోజనాల దగ్గరే ప్రకటించాడు. జీన్‌కి ఇప్పుడు మనవలు. గొట్టాలు బాగుచేసే పనిలో మాత్రం కాజ్‌కి వంక పెట్టలేం. పని చేసేటప్పుడు నోట్లో టార్చిలైటు పెట్టుకుంటాడు కాబట్టి మాట్లాడే వీలుండదు.

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజున స్టేడియం పక్క పార్కింగ్‌లో డోరీన్ తన వ్యాను వెనక తలుపు ఎత్తి, పొయ్యి రాజేసి సాసేజ్‌లు కాలుస్తుంది. అక్కడ చేరేవాళ్లకు ఒకటే నియమం. మన జట్టు గెలుస్తుందని కాజ్ అనకూడదు. అనబోతే దగ్గరున్నవాళ్లు ఆయన నోట్లో ఒక సాసేజ్ కుక్కాలి. ఆయన అంత ఒళ్లు చెయ్యడానికి ఫుట్‌బాలే కారణం.

డోరీన్‌కి ఆయనంటే అభిమానమే. కాని ఒక్క మాట మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఆమధ్య ఆమె గుండె ఆపరేషన్‌కు ముందు కాజ్ పూలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. పూలు చేతిలో పెట్టి, "నువ్వింక లేవవు డోరీన్," అన్నాడు. నర్సు ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి పంపేసింది.

ఆ ఆగస్టులో వాదనంతా ఆమోస్ గ్రేవ్లీ గురించి. అలబామా నుంచి వచ్చిన కుర్రాడు, లైన్‌బ్యాకర్. ముందు వరస వెనకాల కాపు కాసి, బంతితో దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టడం అతని పని. అతను పడగొట్టేది మాత్రం ఎప్పుడూ బంతి లేనివాణ్ణే. ఆ రోజు ఆఖరి సన్నాహక మ్యాచ్. మంగళవారానికల్లా జట్టులో ఎవరుంటారో, ఎవరు సామాను సర్దుకుంటారో తేలిపోతుంది.

"తీసెయ్యాల్సిందే," అన్నాడు జీన్. "బంతి ఇటు పోతుంటే వాడు అటు ఉరుకుతాడు. కాజ్‌కి దూరపు చుట్టమేమో కనుక్కోండి."

"పసివాడయ్యా," అంది డోరీన్. "ఆ పరుగు చూశావా? ఇంకో ఏడాది ఇస్తే బుర్ర కూడా వస్తుంది."

"వచ్చేదాకా మనం ఓడుతూ కూచోవాలా?"

"మనం ఎప్పుడు కూచోలేదు?"

కాజ్ నోరు తెరిచాడు. జీన్ సాసేజ్ అందించాడు.

చినుకుల్లో తడుస్తూ ఒక పెద్దావిడ వచ్చి గేటు ఎటని అడిగింది. డోరీన్ ఆవిణ్ణి కుర్చీలో కూచోబెట్టి ప్లేటు చేతికిచ్చింది. జీన్ ఊరుకోలేదు.

"మీరే చెప్పండమ్మా, ఆ గ్రేవ్లీ గాడు దండగ కాదూ?"

"కాస్త తొందరపడతాడు బాబూ," అందావిడ నెమ్మదిగా. "చిన్నప్పట్నుంచీ అంతే."

వాన ఆగడంతో ఆవిడ లేచి వానకోటు విప్పింది. వీపు మీద గ్రేవ్లీ అని పేరు. ఆ పేరున్న చొక్కా ఆ పార్కింగ్‌లో మరెవరి ఒంటి మీదా లేదు. దుకాణంలో దొరుకుతుందని కూడా ఎవరికీ తెలియదు. జీన్ మెల్లగా పొయ్యి పొగ వెనక్కి జరిగాడు.

"పర్లేదు బాబూ," అందా తల్లి. "నిన్న ఫోన్లో వాడే అన్నాడు. ఇదే ఆఖరి ఆట కావచ్చు, వచ్చి చూడమ్మా అని."

కాజ్ నోట్లోది మింగి, టోపీ తీసి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీవాడు శుద్ధ దండగ. బంతి ఎటుందో వాడికి జన్మలో తెలీదు. ఏ జట్టూ వాడి మొహం చూడదు."

ఆవిడ మొహం పాలిపోయింది. పొగ వెనక నుంచి జీన్ చప్పట్లు కొట్టాడు. డోరీన్ గబగబా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"బాధపడకండమ్మా. ఈయన అన్నది ఒక్కటీ జరగదు. ఊరంతా సాక్ష్యం."

"నా పెళ్లి సాక్ష్యం," అన్నాడు జీన్.

ఆ తల్లి కాజ్‌ని ఎగాదిగా చూసింది. "అయితే ఇంకోసారి అను బాబూ. కాస్త గట్టిగా."

ఆవిణ్ణి గేటు దాకా పంపాక డోరీన్ కాజ్ పక్కకు వచ్చింది. "అయితే నీ మాట తప్పుతుందని నీకు తెలుసన్నమాట."

"నాకేం తెలుసు? సాసేజ్ మాడుతోంది, చూసుకో."

"మరి ఆసుపత్రిలో నాతో అలా..."

"లేచావుగా," అన్నాడు కాజ్. డోరీన్ ఆ రోజు ఆయనకు అడక్కుండానే రెండోది వడ్డించింది.

మంగళవారం ఆమోస్‌ని జట్టులోంచి తీసేశారు. బతుకులో మొదటిసారి తన మాట నిజమైనందుకు కాజ్ మంచం పట్టాడు. డోరీన్ సూపు తెస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నా నోరే వాణ్ణి తినేసింది," అన్నాడు.

మర్నాడు జీన్ పరుగున వచ్చాడు. "కాజ్, గ్రేవ్లీని తీసుకున్నారు. ఎవరనుకున్నావు? కొండలవతల ఉన్న మన పాత శత్రువులు. ఏ జట్టూ వాడి మొహం చూడదన్నావుగా?"

కాజ్ లేచి కూచున్నాడు. "అంటే నేను తప్పానా?"

"శుభ్రంగా."

"ఆ సూపు ఇటు తే," అన్నాడు కాజ్.

నవంబరులో ఆ జట్టు ఈ ఊరికి ఆడటానికి వచ్చింది. ఆమోస్ తల్లి శత్రువుల రంగు చొక్కాలో నేరుగా డోరీన్ వ్యాను దగ్గరికొచ్చి, వాళ్లతోనే స్టేడియంలో కూచుంది. ఆట మొదలవగానే కాజ్ లేచాడు. "గ్రేవ్లీ, నువ్వు దండగరా. ఇంటికి పోరా." జీన్, డోరీన్ గొంతు కలిపారు. సొంత జట్టు మీద వీళ్ల అభిమానాన్ని మెచ్చుకుని చుట్టుపక్కల జనమంతా అందుకున్నారు.

ఆ తిట్లలో ఆమోస్ బంతి ఎటుంటే అటే ఉరికాడు. మనవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పడగొట్టాడు.

"మనం ఓడిపోతున్నాం కాజ్," అన్నాడు జీన్ దిగులుగా. "మన జట్టును కూడా ఓ మాట తిట్టరాదూ?"

కాజ్ ఆలోచనలో పడ్డాడు. ఆ తల్లి ఆయన్ని మోచేత్తో పొడిచింది.

"గొంతు తగ్గింది బాబూ. ముందు మావాణ్ణి తిట్టడం కానివ్వు."