రంగుల మేస్త్రి గోడ చూడ్డానికి వస్తే

మా ఊళ్లో అద్దె గదుల్లో బతికేవాళ్లకు పోలీసులంటే కూడా అంత భయం లేదు, రంగుల మేస్త్రి అంటే ఉంది. విడ్డూరం ఏమిటంటే, ఆ సంగతి మేస్త్రికి ఒక్కడికే తెలియదు. ఏళ్ల తరబడి ఊరంతా తిరిగి రంగులు వేసిన మనిషి, తనను చూస్తే జనం ఎందుకు హడలిపోతారో ఎరగడంటే ఎవరైనా నమ్ముతారా? నేనూ నమ్మలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. పైగా కబుర్లపోగు. ఊళ్లో సగం అద్దె గదులున్న ఓనరు పంపగానే సైకిలు మీద వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, గోడ మీద వేలితో టకటకా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "లోపలంతా గుల్లేనమ్మా, అచ్చం మా బావమరిది బుర్ర!" అని తనే నవ్వుకునేవాడు. మంచినీళ్లు అడిగి తాగి, "ఊరికే చూసి రమ్మన్నార్లెండి" అనేసి వెళ్లిపోయేవాడు.

ఊరికేనట! వారం తిరక్కుండా ఓనరు దిగేవాడు. "రంగులు వేయిస్తున్నాను, పది రోజులు ఎక్కడైనా సర్దుకోండి" అనేవాడు. ఆ పది రోజులు ఏ కుటుంబానికీ పూర్తి కాలేదు. రంగు ఆరేసరికి గదికి కొత్త తాళం, కొత్త అద్దె, కొత్త మనుషులు. ఆ అద్దె ఇచ్చుకోలేని పాతవాళ్లు ఊరి చివర రేకుల షెడ్లలో తేలేవారు. మేస్త్రి మాత్రం ఖాళీ గదిలో ఈల వేసుకుంటూ రెండు పూతలు వేసి, పాపం ఎక్కడో మంచి ఇల్లు దొరికి వెళ్లి ఉంటారనుకునేవాడు. అంత అమాయకత్వం కూడా పనికిరాదు మనిషికి.

అతనిదీ ఆ ఓనరు గదే. డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చి తన గోడలకు పూసుకునేవాడు. ఒక గోడ ఆకుపచ్చ, ఒకటి గులాబీ, ఒకటి నీలం. చూపు ఆనని అత్తగారు ఆ గోడలు తడుముకుంటూ పొయ్యి దగ్గరికీ, స్నానాల గదికీ, గుమ్మంలోకీ ఒక్కతే తిరిగేది. "ఈ ఇంట్లో ఉన్నంతకాలం నాకు కళ్లున్నట్టే" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి ఇంటికి వచ్చేసరికి ఎవడో కొత్తవాడు ఆకుపచ్చ గోడకు చెవి ఆనించి వేలితో కొడుతున్నాడు. పక్కన తాగేసిన గ్లాసు ఉంది. భార్య మంచం మీద కొయ్యబారి కూర్చుంది.

"ఎవరు బాబూ?" అన్నాడు మేస్త్రి.

"పక్క ఊరి మేస్త్రినండి. ఓనరుగారు ఊరికే చూసి రమ్మన్నారు." గీకుడు రేకుతో అరచేయంత మేర గీకి చూశాడు. "ఈ రంగులన్నీ లేపేసి తెలుపు వేస్తే గది పెద్దగా కనిపిస్తుంది" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి మురిసిపోయాడు. "చూశావా? నాకు చెప్పకుండా నా ఇంటికే రంగులు వేయిస్తున్నాడు. ఎంత పెద్ద మనసు!"

"సామాన్లు సర్దుకుందాం పద" అంది భార్య.

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఇన్నాళ్లూ నిన్ను ఇంటింటికీ ఎందుకు పంపుతున్నారనుకున్నావు?"

"గోడలు చూడ్డానికి!"

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. ఇప్పుడు బిత్తరపోవడం ఆమె వంతయింది. "నీకు నిజంగా తెలీదా? నువ్వు గోడ చూసి వెళ్లావంటే ఆ కాపురం లేచిపోయినట్టేనని ఊరంతా చెప్పుకుంటారు. తెలిసే చేస్తున్నావనుకున్నాను. పొట్ట కోసం తప్పదు కదా అని నోరు మూసుకున్నాను." లేచి గోడల వైపు చెయ్యి చూపించింది. "ఈ ఆకుపచ్చ కుట్టుమిషను ఆవిడ గదిది. ఈ గులాబీ ఆటో అతనిది, కవల పిల్లలు ఉండేవారే, వాళ్లది. ఆ నీలం..."

"ఆపు" అన్నాడు మేస్త్రి.

అంతలో అత్తగారు గోడ పట్టుకుని వస్తూ గీకిన చోట ఆగిపోయింది. "ఇక్కడ గరుకుగా ఉందేంటే? నా దారి ఎవరు చెరిపారు?"

మేస్త్రి ఓనరు ఇంటికి పరుగెత్తాడు. "నిన్ను పొమ్మన్నానా?" అన్నాడాయన నిదానంగా. "పది రోజులు సర్దుకోమంటాను, అంతేగా. నీ ఇంటికి నిన్నే పంపితే బాగుండదని వేరేవాణ్ణి పంపాను." ఇదంతా తర్వాత వాళ్లావిడే నాకు చెప్పింది.

మర్నాడు మేస్త్రి మా సందులోకి వచ్చాడు. మా వరస గదుల ఓనరు వేరు, పరమ పిసినారి. అలాంటివాడు కూడా మేస్త్రిని పంపాడనుకున్నాం. కుళాయి దగ్గరున్న ఆవిడ నిండుతున్న బిందె వదిలేసి లోపలికి పోయి గడియ వేసుకుంది. తలుపులన్నీ టపటపా పడ్డాయి. నేను మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మా గోడలు భేషుగ్గా ఉన్నాయి. వచ్చిన దారినే పో."

"గోడలకు కాదక్కా. గది కావాలి."

"ఎవరికి?"

"నాకే" అన్నాడు. "మా గోడ చూసి వెళ్లారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఒళ్లు మండింది, జాలి తర్వాతెప్పుడో వచ్చింది. "ఏ సందుకు వెళ్లినా తలుపులు వేసేస్తున్నారక్కా. గది అడగనివ్వడం లేదు" అని మా మెట్టు మీద కూలబడి, అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. తలుపు సందుల్లోంచి చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

మా వరస చివర ఒక గది ఖాళీగా ఉంది. గోడలు పెచ్చులూడి ఎవరూ చేరలేదు. మా పిసినారి సున్నం కూడా వేయించడు, కాబట్టి అద్దె పెంచే మొహం లేదు. ఆ పిసినారితనమే మాకు శ్రీరామరక్ష. గది ఇప్పిస్తాను గానీ, ఈ వరసలో బ్రష్షు బయటికి తీశావంటే మర్యాద దక్కదని ముందే చెప్పాను. తల ఊపాడు.

సామాన్లు దింపిన రోజు నేనూ ఒక చెయ్యి వేశాను. అత్తగారు కొత్త గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తోంది. చెయ్యి ఆనిన చోటల్లా పెచ్చులు రాలుతున్నాయి. భయపడి ఆగిపోయింది.

"అల్లుడూ, ఊరందరి గోడలూ బాగుచేశావు కదా. నా చెయ్యి ఆనే మేర ఒక్క పూత వెయ్యకూడదా?"

మేస్త్రి రంగు డబ్బాలు మంచం కిందికి తోస్తున్నాడు. తల ఎత్తలేదు.

"వద్దత్తయ్యా. గది బాగుపడితే మనం ఉండం."

తర్వాత చీపురు తీసుకుని, ఆవిడ కాళ్ల దగ్గర రాలిన పెచ్చులు ఊడవడం మొదలుపెట్టాడు.