గునుగుపూల అడవిల యుద్ధం

మా ఇంట్ల డైనింగ్ టేబుల్ మీద ఎవరూ తినరు. ఆరు కుర్చీలతో సహా కొన్న టేబుల్ అది. తినుడేమో అందరం టీవీ ముందర, పళ్లెం ఒళ్లె పెట్టుకొని. టేబుల్ మీద చింతపండు, పాత పేపర్లు, ఏ తాళానివో తెల్వని చెవులు. ఈ ఫిర్యాదుకూ చెప్పబోయే విపత్తుకూ సంబంధం లేదనుకునేరు. ఆ టేబుల్ మీద మేం బుద్ధిగ అన్నం తినేటోళ్లమైతే, ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు రామన్నపేటల మా వాడ ఆడోళ్లంత మా ఇంటి పరువు చుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరిగేటోళ్లు కాదు.

అప్పటికి నాది బుద్ధి వచ్చే వయసు కాదు. రిటైరయి ఏడాదే. కాలేజీల చరిత్ర చెప్పినన్నేండ్లు నాకొక రహస్య వ్యసనం ఉండె. తాగుడైతే నలుగురు తోడు దొరుకుదురు. నాది బల్ల మీద యుద్ధాలు చేసే ఆట. బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయిలు, భూతద్దం పెట్టి వాళ్లకు నేనే వేసిన రంగులు, కొలిచి నడిపెటందుకు టేపు, చావుబతుకులు తేల్చెటందుకు పాచిక. ఎదురు ఆడెటోడు లేక రెండు సైన్యాలనూ నేనే నడిపేటోన్ని. గెలిచినా నేనే, ఓడినా నేనే. సంబురం సగమే దక్కేది.

ఇగ ఆ పండుగ సెలవులకు మా మనవరాలు శ్రావ్య పట్నం నుంచి వచ్చింది. పదేండ్ల పిల్ల. ఫోన్ల నుంచి తల ఎత్తదు. పండుగ కాంగనె పోతది. ఈలోపల దాన్ని ఆటల దించకపోతే నా సిపాయిలు ట్రంకుపెట్టెలనే ముసలోళ్లయితరు.

పండుగనాడు పొద్దున మా ఇంటామె కోడలిని తీసుకొని తంగేడుపూలకు పోయింది. నేను చింతపండును ఖాళీ చేయించి, టేబుల్ మీద ఆకుపచ్చ దుప్పటి పరిచిన. కింద లావు పుస్తకాలు పెడితే గుట్టలు లేచినయి. చెట్లే లేవు.

వరండాల పేపర్ల మీద గునుగుపూలు ఆరుతున్నయి. ముందురోజంత కూసొని మా ఇంటామె రంగద్దిన పూలు. వాడల అందరికన్న ఎత్తు బతుకమ్మ ఆమెదే, నడుము దాక వస్తది. ఆ పేరు పోతే ఆమెకు అన్నం సయించదు. ఇదంత నాకు తెలుసు. కాని ఆకుపచ్చ గునుగు మొనదేలి, నిటారుగ, అచ్చం చెట్టు లెక్కనే ఉన్నది. గుప్పెడు పోతే ఏం తక్కువ అనుకొని, కాడలు వేలెడంత ఉంచి కత్తిరించి, అడుగున బంకమట్టి ముద్ద పెట్టి నిలబెట్టిన. కాడ జానెడు లేకుంటే పూలు వరుస మీద వరుస నిలవవట. ఏటేటా చూస్తనే ఉన్న గాని, నేనెప్పుడు పూల దిక్కే చూసిన.

శ్రావ్య ఫోను పక్కకు పెట్టింది. సగం యుద్ధం అక్కడ్నే గెలిచిన.

"అడవిల ఉన్నోన్ని కొట్టాలంటే ఆరు పడాలె," అని రూలు చెప్పిన.

"బయట ఉన్నోన్ని?"

"మూడు పడ్డా పోతడు."

పిల్ల జర ఆలోచించి, తన సైన్యాన్నంత అడవిల నిలబెట్టింది. "తాతా, అడవి సాల్తలేదు."

గురువుకు ఇంతకన్న ఏం గావాలె? వరండాలకు ఉరికి ఇంకో దోసెడు తెచ్చిన. గుర్రాలకు జాగ లేదన్నది. గుర్రాలు పాపం ఎండల నిలబడుతయా? మళ్ల ఉరికిన. ఫిరంగులకు నీడ గావాలన్నది. ఇల్లు అలుకంగనె పండుగ కాదంటరు. నేను పండుగనే అలికి పెట్టిన. వరండాల పేపర్లు మిగిలినయి, టేబుల్ మీద నల్లమల లేచింది.

అండ్లకెళ్లి శ్రావ్య నా సిపాయిలను ఒక్కొక్కన్ని పడగొడుతాంది. నాకు ఆరు పడతలేదు. ఆడలేనోనికి మద్దెల ఓడు, నాకు పాచిక ఓడు. అది అరిగిపోయిందన్న.

"గదే పాచికతోని నేను గెలుస్తున్న గద తాతా."

అప్పుడే గేటు చప్పుడైంది. మా ఇంటామె వరండాల ఉత్త పేపర్లు ఎత్తి చూసింది. తర్వాత లోపలికి వచ్చి, ఒక చెట్టును పీకి, కాడ దిక్కు చూసి, నా దిక్కు చూసింది. పూలన్నీ క్షేమంగనే ఉన్నయని, కొద్దిగ పొడుగు తగ్గినయని మనవి చేసుకున్న. ఆమె నా సిపాయి, శ్రావ్య సిపాయి అని చూడకుండ, మట్టిముద్దలతో సహా అడవినంత గంపల ఊడ్చుకొని పోయింది.

ఆ ఏడు బతుకమ్మ మోకాలి దాక వచ్చింది. అది గూడ కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయే పెద్దమనిషి లెక్క ఒక పక్కకు ఒరిగి. పొద్దుగూకంగ ఆడోళ్లంత బతుకమ్మలను నడుమ పెట్టినరు. పాట ఎత్తుకునే ముందు ఎదురింటి సత్తెమ్మ వంగి, మా బతుకమ్మను పరీక్షగ చూసింది.

"వదినా, మీ బతుకమ్మకు పోలీసు బందోబస్తు పెట్టిన్రా?"

పూల నడుమ, మట్టిముద్దల కాలు ఇరికి, సత్తెమ్మ దిక్కే తుపాకి గురిపెట్టి ఒక సిపాయి నిలబడ్డడు.

మా ఇంటామె నా మొఖం చూడకుండనే అన్నది: "పెట్టాలె మరి. దొంగలు ఇంట్లనే ఉన్నరు."

నేను పోయి వాన్ని పీకబోతే శ్రావ్య నా చెయ్యి పట్టుకున్నది. "ముట్టొద్దు తాతా. వాడు అడవిల ఉన్నడు. ఆరు పడాలె." పాచిక ఇంట్ల ఉన్నది. వాడు బతుకమ్మతోనే నీళ్లల్ల కలిసిండు, సైనిక లాంఛనాలు లేకుండ.

మర్నాడు బతుకమ్మ ప్రసాదం మలీద ముద్ద చేతిల పట్టుకొని, ఇంటిల్లిపాది ముందర ప్రతిజ్ఞ చేసిన. ప్రాణం పోయినా సరే, ఇకమీదట నేను చేసే ఏ యుద్ధంల అడవి ఉండదు. చెట్టుండదు, ఆకుండదు, పువ్వుండదు. చేస్తే ఎడారుల్లనే చేస్త. మా ఇంటామె మొఖం జర చల్లబడ్డది.

నా సైన్యంల సగాన్ని తన బ్యాగుల సర్దుకుంటున్న శ్రావ్య తల ఎత్తకుండనే అన్నది:

"ఎడారికి అవ్వ డబ్బల రవ్వ సరిపోతది తాతా."