బాపు పంపిన నీళ్లు

నన్ను ఇచ్చింది మక్తల్ దగ్గర పల్లెకు. పుట్టిల్లేమో తిరుమలగిరి వైపు. మూడు బస్సులు మారితే గానీ చేరలేను. అందుకే రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో బాపు మొహం చూడాల్సిందే, లేకపోతే నాకు అన్నం దిగేది కాదు.

కానీ ఏ రోజు డేటా ఆ రోజు మధ్యాహ్నానికే అయిపోయేది. నేనేం ఎక్కువ చూడలేదు, ఒట్టు! ఒక వంట వీడియో పెట్టి పప్పు కడగడానికి పోతే, దాని వెనక ఇంకోటి, ఇంకోటి వాటంతటవే నడిచేవి. గ్రూపుల్లో ఎవరెవరివో పెళ్లి వీడియోలు అడగకుండానే దిగేవి. సాయంత్రానికి బాపు నోరు తెరిచినట్టే తెరమీద ఆగిపోయేవాడు.

సంగతి చెబితే బాపు నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టినట్టు పెట్టినవ్. కరెంటొస్తే సాలు, అదే నడుస్తది, బోరు ఎండుతది. తీసెయ్ బిడ్డా. నీకు కావాల్నన్నప్పుడు నువ్వే ఒత్తుకో."

సెట్టింగుల్లో వెతికి అన్నీ ఆపేశాను. చూసే వీడియోల నాణ్యత కూడా తగ్గించాను. మా ఆయన తొంగిచూసి, "దాంట్ల మనిషేదో బర్రేదో తెల్వదు, ఏం జూస్తున్నవే?" అన్నాడు.

"మా బాపు సాఫ్‌గా కనబడుతుండు, గది చాలు," అన్నాను.

ఆ ఎండాకాలం, బాపు వేయించిన రెండు బోర్లు ఫెయిలయ్యాక, మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి. బాపు వీడియో పంపాడు. మసక బొమ్మ మీద బాణం గుర్తు. పెద్ద వీడియో, దించితే సాయంత్రం కాల్‌కు డేటా మిగలదు. రేపు చూద్దాంలే అనుకున్నాను.

సాయంత్రం కాల్ కలవగానే, "చూసినవా బిడ్డా నీళ్లు?" అన్నాడు. ఆ మొహం చూశాక చూడలేదనలేకపోయాను.

"చూసిన బాపూ, మస్తున్నయి!"

మర్నాడు పల్లికాయ పీకే పని, ఆ మర్నాడూ అదే. ఇక మర్చేపోయాను.

మరుసటి ఎండాకాలానికి ఆ బోరూ ఎండింది. ఆ మాట చెప్పి బాపు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చి, వెనక్కి పోయి పోయి ఆ బాణం నొక్కాను. వీడియో ఇప్పుడు లేదట, పంపినవాళ్లను మళ్లీ పంపమనాలట. ఫోన్ చేశాను.

"నాతాన ఏడున్నదే, ఫోను నిండిందని తీసేసిన. అయినా నువ్వు అప్పుడు చూసిన్నంటివి గదా?"

"అబద్ధమాడిన బాపూ."



"సరే, ఇను. ముందుగాల దుబ్బ దుమారం లేసింది. తర్వాత బుడబుడమని ఎర్రనీళ్లు. ఇగ చూడు, తెల్లగ తాడిచెట్టంత ఎత్తు లేసినయ్! నేను తడిసి ముద్దయిన. మీ అమ్మ కొంగుతోని నా మొహం తుడుసుకుంట ఒకటే నవ్వుడు..."

మామూలు ఫోనే. డేటా అక్కర్లేదు, మధ్యలో ఆగలేదు.

ఆ మసక బొమ్మను నేనింకా తీసెయ్యలేదు. నడుమ తెల్లగా ఏదో ఉంది. నీళ్లో, బాపు రుమాలో.