కప్పదొకియలో ఒక పూట అన్నం

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గోదావరిఖనిలో మా ఇంటి కిటికీలు గడగడలాడతాయి. పైకప్పు నుంచి సున్నం పొడి కంచంలో రాలుతుంది. అది రాలిన ప్రతిసారీ నాకు ఎస్తేరు టీచర్ గుర్తొస్తుంది.

కార్మికుల క్వార్టర్లలో మావి పక్కపక్క ఇళ్లు. బడిలో ఆమె మాకు సాంఘికశాస్త్రం చెప్పేది. ఆమె భర్త, మా నాన్న భూగర్భ గనిలో ఒకే షిఫ్టు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా గని కప్పు కూలి ఇద్దరూ పోయారు. ఆ తర్వాత నాన్న పేరు అమ్మ ఎత్తలేదు. నేనడిగితే లేచి వంటింట్లోకి వెళ్లేది. అడగడం మానేశాను.

టీచర్ తిరిగి బడికి వచ్చిన రోజు పాఠంలో ఒక బొమ్మ ఉంది. ఎక్కడో అమెరికాలో, నిటారు కొండచరియ కింద పూర్వకాలం మనుషులు కట్టుకున్న ఇళ్లు. ముందు బల్ల మీది పిల్ల అడిగింది: “టీచర్, గా బండ మీద పడదా?”

పక్కనున్న పిల్ల ఆమెను మోచేత్తో పొడిచింది.

“పడ్తది బిడ్డా,” అంది టీచర్. “పడేదాక మనుషులు ఆడ్నే వండుకుంటరు, పిల్లల్ని సాదుకుంటరు.”

పాఠం చివరిదాకా చెప్పింది. కానీ ఆ ఏడాది నుంచి ఆమె మంచం వాకిట్లోనే ఉండేది. వాన వస్తే తప్ప కప్పు కింద పడుకునేది కాదు.

ఆమె రిటైరయ్యేనాటికి నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఒకరోజు వచ్చి, “నన్ను గా పాఠంల బొమ్మ లెక్క బండ కింద ఉండే ఇండ్లకు తోల్కపో” అంది.

“ఎందుకు టీచర్?”

“మా ఆయన బతుకుల సగం బండ కిందనే గడిచె. ఆడోళ్లమని మమ్మల్ని గనిల దిగనియ్యకపోయిరి. ఇప్పుడు గా గనే మూసేసిన్రు. ఆయన ఎసొంటి జాగల కూసొని అన్నం తిన్నడో నాకు ఎర్కలేదు.”

“నాకు భయం టీచర్.”

“నాకు లేదా?”

చర్చివాళ్ల యాత్రలో మొదట జోర్డాన్ వెళ్లాం. రాతికొండల్లో తొలిచిన పాత పట్టణం పెట్రాలో ఒక గుహ ఇంటి గడప దగ్గరే ఆగి, ఆమె ఎండలోనే కూలబడింది. నేనూ లోపలికి పోలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాటే అంది: “రోజు ఎట్ల దిగిండో.”

మరుసటి ఏడు టర్కీ వెళ్లాం. కప్పదొకియ, బైబిల్లో ఆమె చిన్నప్పటి నుంచి చదివిన పేరు. అక్కడి కొండ నిండా ఇళ్లే. బండలు పగిలి పడుతున్నాయని ఊరినంతా ఖాళీ చేయించి వేరేచోట ఇళ్లిచ్చారని గైడు చెప్పాడు. ఆమె వెనక్కి తిరుగుతుందనుకున్నాను.

“వీళ్లకు పోనీకి జాగ దొరికింది, గనిలున్నోళ్లకు దొరకలే,” అని నా మణికట్టు పట్టుకుని, వంగి లోపలికి నడిచింది. ఆమె అరచేయి చెమటతో తడిసి ఉంది.

లోపల కప్పు పొయ్యి పొగకు నల్లబడి ఉంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, యాత్ర వంటమనిషి కట్టిచ్చిన పులిహోర విప్పింది.

“కూసో, తిందాం. మీ నాయిన గనిల ఎన్నడు తన అన్నం డబ్బ తినకపోతుండె, ఎర్కేనా? మా ఆయన చేతులకెల్లి ఆయన డబ్బ గుంజుకుంటుండె. వదినె చేతి చేపల పులుసని, నా వంట కోసం. మా ఆయన ఇంటికొచ్చి నా మీద గుస్స అయితుండె, ఇంకింత ఎందుకు పెట్టలేదని.”

నవ్వాను. వెంటనే చేతిలోని ముద్ద పొట్లంలోనే పెట్టేశాను. ఇన్నేళ్లూ నాకు నాన్న అంటే ఒక చావు మాత్రమే. ఆయనకూ ఆకలి ఉండేదని, చేపల పులుసు కోసం ఆబగా చెయ్యి చాచేవాడని ఆ రాతి గదిలో తెలిసింది. నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. “తిను,” అంది. అంతలో కప్పు నుంచి చిటికెడు మట్టి రాలింది. ఇద్దరం పైకి చూశాం. ఎవరం లేవలేదు.

పుస్తకంలోని అమెరికా ఇళ్లు ఆమె చూడలేదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. దవాఖానలో చివరి రోజుల్లో, మంచం బయటికి జరపమని బతిమాలేది. కుదరలేదు. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది.

“మీ అమ్మను అడుగు బిడ్డా. ఆమెకు చెప్పాల్నని ఉంటది. అడిగెటోళ్లు లేరు.”

టీచర్ సమాధి కార్యక్రమం ముగించుకుని ఇంటికొచ్చి, “నాయిన డబ్బల ఏం పెడ్తుంటివమ్మా?” అని అడిగాను. అమ్మ ఎప్పటిలాగే లేచి వంటింట్లోకి వెళ్లింది. ఈసారి వెనకే వెళ్లాను. తన డబ్బా తినేవాడు కాదట అన్నాను.

“అబద్ధం. రోజు ఖాళీ డబ్బ తెచ్చేటోడు,” అంది కోపంగా. కాసేపటికి గొంతు తగ్గింది. “అయితే నా వంట ఎవరు తిన్నరే?”

“ఎస్తేరు టీచర్ వాళ్లాయన తిన్నడేమో.”

అమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయింది. నా ఎదుట ఆమె ఏడవడం అదే మొదలు.

ఇప్పుడు కాలనీలో ఎవరు పోయినా వెళ్తాను. చుట్టూ అందరూ మాట తప్పిస్తుంటే, పోయిన మనిషికి ఏ కూర ఇష్టమని అడుగుతాను. కొందరు కోప్పడతారు. ఒకావిడ నా ముఖం మీదే తలుపు వేసింది. వారం తర్వాత మళ్లీ వెళ్లాను.