చిక్కడపల్లి హాల్లో చప్పట్లు

పోయినవారం మా గల్లీలో కడుతున్న అపార్ట్‌మెంట్ పైనుంచి పడి బాలయ్య చనిపోయాడు. పాలమూరు నుంచి కూలికి వచ్చినవాడు. సంతాప సభ పెడదామని మేం అశోక్‌నగర్ హాస్టల్ మిత్రులం చిక్కడపల్లిలో ఒక చిన్న హాలు అడిగాం.

"సభలకు ఇయ్యం అన్నా, లొల్లి అయితది. కల్చరల్ ప్రోగ్రాం అయితే ఇస్తం," అన్నాడు మేనేజరు. సరేనని బయట 'జానపద గీతాల సాయంత్రం' అని బ్యానర్ కట్టాం.

ఈ సాయంత్రం బాలయ్య భార్య ఎల్లమ్మ మాట్లాడడానికి లేచింది. మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. "అక్కా, జర పాట లెక్క చెప్పు," అని ఆమె చెవిలో అన్నాను. అంత అవసరం రాలేదు. నోరు తెరవగానే ఏడుపు వచ్చింది. శవం ముందు ఏడ్చినట్టే భర్తను పిలుస్తూ, రాగం తీసి ఏడ్చింది.

ఆమె ఆగగానే, బ్యానర్ చూసి లోపలికొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా కొట్టాడు.

ఎల్లమ్మ బిత్తరపోయి నన్ను చూసింది. "ఎందుకు కొడుతున్నరు తమ్మీ?"

"మంచిగ పాడినవని, అక్కా." నా నోటికి అదే వచ్చింది.

"నేను పాడలే," అని మెల్లగా వెళ్లి కూర్చుంది.

రూముకొచ్చి తలుపేసుకున్నా ఆ చప్పట్లు ఆగడం లేదు. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?